తీగ చుట్టిన పళ్లెం

నేను ఒక తక్కెడను. ఈ మాట అనడానికి ఒకప్పుడు నాకు ఏ సందేహమూ ఉండేది కాదు. ఇప్పుడుంది. తక్కెడ అంటే తూచేది కదా! నా బతుకులో సగానికి పైగా నేను దేన్నీ తూచలేదు. చింతపిక్కలు మోశాను, అంతే. అవి ఎంత బరువున్నాయో నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అయినా ఆ రోజుల్లోనే నాకు ఒక బళ్లో, పాఠం చెప్పే మేడమ్‌తో సమానమైన మర్యాద దక్కింది. తూచిన రోజులు అసలు బతుకా, తూచని రోజులా అన్నది నాకు ఇంతవరకు తేలలేదు. మీకైనా తేలుతుందేమో, వినండి.

నన్ను చేసినవాడు అప్పలాచారి అనే కంచరి. అనకాపల్లికి దగ్గరలో, బెల్లం బళ్ల దారి మీద ఉన్న చిన్న ఊరు మాది. ఇత్తడి పళ్లాలు రెండూ ఆయన తన చేత్తోనే కొట్టాడు. ఇనుప దండి మాత్రం కమ్మరి దగ్గర చేయించి తెచ్చాడు. అన్నీ బిగించి స్టాండుకు తగిలించి చూస్తే ముల్లు నిటారుగా నిలబడలేదు. ఒక పక్కకు చీమంత వాలింది. అప్పలాచారి విసుక్కోలేదు. తేలికగా ఉన్న పళ్లెం గొలుసుకు రాగి తీగ చుట్టాడు, చివర కాస్త కత్తిరించాడు, మళ్లీ చూశాడు. ముల్లు నిలిచింది. దీన్ని పాసంగం సరిచేయడం అంటారు. కొత్త తక్కెడలకు ఇది మామూలే. మనుషులకూ మామూలే అనుకుంటాను, కాకపోతే వాళ్లకు తీగ ఎక్కడ చుట్టారో పైకి కనిపించదు.

నా రెండు చేతులకూ తేడా ఆ తీగ ఒక్కటే. తక్కెడకు ముఖం లేదు, వీపు లేదు. ఎటు నిలబడి చూస్తే అదే ముందు. అందుకని ఏది నా కుడిచెయ్యో, ఏది ఎడమచెయ్యో నాకు పుట్టుకతోనే తెలియదు. తీగ ఉన్న చెయ్యి, తీగ లేని చెయ్యి, అంతవరకే నా చదువు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. దీని మూలంగానే తర్వాత ఒక తరగతి తరగతంతా దొంగల కింద జమకట్టబడింది.

మొదట నేను చేరింది విల్లూరి సూరయ్య పచారీ కొట్టుకు. గల్లా పక్కన, బల్ల మీద నా స్టాండు. సూరయ్య తీగ ఉన్న పళ్లెంలో తూకపు రాళ్లు వేసి, రెండో పళ్లెంలో సరుకు పోసేవాడు. వెనక కూర్చున్న ఆయనకు తీగ పళ్లెం ఎడమ పక్క. ఎదురుగా నిలబడ్డ బేరగాళ్లకు అదే కుడి పక్క. ఇద్దరూ చూసేది ఒకే ముల్లును కాబట్టి ఈ విషయం మీద ఆ కొట్లో ఎన్నడూ గొడవ రాలేదు. చింతపండును ఎటు నుంచి చూసినా చింతపండే కదా!

సూరయ్య మంచివాడా కాదా అన్నది కూడా నాకు అయోమయమే. పిల్లలు వస్తే తూకం అయ్యాక కూడా చిటికెడు ఎక్కువేసేవాడు. సొంత బావమరిది వస్తే చిటికెనవేలు పళ్లెం అంచుకు ఆనించేవాడు. పొద్దున్నే కొట్టు తెరవగానే దేవుడికి దండం పెట్టి, బుట్టలోంచి బెల్లం ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకునేవాడు. తన కొట్లో తన బెల్లం తాను తింటే అడిగేవాడెవడు? నేనూ అలాగే అనుకున్నాను. అది రాసి పెట్టాల్సిన వ్యవహారమని, దానికొక పేరు కూడా ఉందని చాలా కాలం తర్వాత తెలిసి బిత్తరపోయాను.

తర్వాత అంకెలు మెరిసే కాటా వచ్చింది. కరెంటు ఉన్నంతసేపు దానికి తిరుగులేదు. కరెంటు పోతే నన్ను దింపేవాడు. తర్వాత దానికి బ్యాటరీ కూడా వచ్చింది. నేను అటక ఎక్కాను. పాత ఇనుముకు వేసేద్దామని సూరయ్య కొడుకు నన్ను కిందికి దించి గుమ్మం దగ్గర పెట్టిన రోజునే హైమావతి గారు కందిపప్పు కొనడానికి వచ్చారు.

కాండ్రేగుల హైమావతి గారు ఊరికి కొత్త. బాలికల హైస్కూలు ఆవరణలో ఆడపిల్లల కోసం జూనియర్ కాలేజీ ఉంది. అందులో ఆ ఏడే కామర్సు గ్రూపు తెరిచి, పద్దుల పాఠం చెప్పడానికి ఆవిడను వేశారు. సన్నగా, పొడవుగా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు నొసలు ముడుచుకుని ఉండే మనిషి. పప్పు సంగతి వదిలేసి నా వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఇది ఇస్తారా?" అన్నారు.

"దాన్నేటి సేసుకుంటారమ్మా? కాటా పెట్టీసినాం గదా," అన్నాడు సూరయ్య.

"బళ్లో పాఠం చెప్పడానికి."

"అయితే రాళ్లు కూడా తీసుకెళ్లండి. లోపలున్నాయి."

"రాళ్లు అక్కర్లేదు."

సూరయ్య కళ్లజోడు పైకి తోసి ఆవిడను ఎగాదిగా చూశాడు. "రాళ్లు నేకుండా తక్కెడేటమ్మా! మరి దేంతో తూస్తారు?"

"తూచం," అన్నారు ఆవిడ.

సూరయ్య నోట మాట లేదు. నాకూ లేదు. కాకపోతే నాకు ఎప్పుడూ ఉండదు. ఇనుముకు పోయేదే కదా అని ఊరికే ఇచ్చేశాడు. రిక్షాలో ఆవిడ ఒడిలో కూర్చుని వెళ్తూ, నన్ను తూచడానికి కాకుండా ఇంకెందుకు తీసుకెళ్తున్నారా అని దారంతా ఆలోచించాను.

కామర్సు గ్రూపుకు ఇచ్చిన గది వెనకటికి కుట్లు నేర్పే గది. నల్లబల్ల లేదు, వస్తుందన్నారు. పాఠ్యపుస్తకాలు లేవు, అవీ వస్తాయన్నారు. ఉన్నవల్లా బెంచీలు, ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఒక పాత జాకెట్టు కొలతల బొమ్మ. ప్రిన్సిపాల్ అన్నపూర్ణేశ్వరి గారు మొదటి రోజే వచ్చి, హైమావతి గారితో మొహమాటం లేకుండా చెప్పారు.

"ఈ గ్రూపు పరీక్ష మీద నడుస్తోందమ్మా. దసరా సెలవుల ముందు పై ఆఫీసు నుంచి పరాంకుశరావు గారని వస్తారు. పిల్లలకు పద్దులు వచ్చాయంటే ఉంటుంది, లేదంటే ఎత్తేస్తారు. అప్పుడు ఈ పిల్లల్ని ఏదో ఒక గ్రూపులో సర్దుతాం. మిమ్మల్ని మాత్రం నేను సర్దలేను."

హైమావతి గారు నొసలు ఇంకాస్త ముడిచి, నన్ను బల్ల మీద పెట్టి, నా వెనక నిలబడ్డారు.

"పిల్లలూ, ఇవాళ్టి నుంచి నోటుపుస్తకాలు సంచుల్లోనే ఉండాలి. ముందు అర్థం కావాలి, రాత తర్వాత. ప్రతి లావాదేవీకి రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి డెబిట్, ఒకటి క్రెడిట్. ఇదిగో, ఈ తీగ ఉన్న పళ్లెం డెబిట్. ఇది క్రెడిట్. ఇటు ఎంత పడితే అటు అంతే పడాలి."

ఆవిడ ఎడమచేత్తో తీగ పళ్లాన్ని తాకారు. అందులో తప్పేమీ లేదు. ప్రపంచంలో అన్ని ఖాతాల్లోనూ ఎడమ పక్క డెబిట్, కుడి పక్క క్రెడిట్. ఆవిడకు అది ఎంత అలవాటైన సంగతంటే, ఎడమ అనీ కుడి అనీ నోటితో చెప్పాల్సిన అవసరమే తోచలేదు. ఇటు, అటు, తీగ, ఇంతటితో సరిపెట్టారు. ఎదురుగా బెంచీల మీద కూర్చున్న పిల్లలకు తీగ ఎటు కనిపిస్తుందో అన్నది ఆవిడకు తట్టలేదు, నాకు కుడి ఎడమలే రావు.

ఇక మొదలైంది నా అయోమయం. వరహాలు అనే పిల్ల ఇంటి నుంచి సంచీడు చింతపిక్కలు తెచ్చింది. అవే డబ్బు, అవే సరుకు, అవే అప్పు, అవే ఆస్తి. ఉత్తుత్తి కొట్టు ఒకటి తెరిచారు. దానికి యజమాని శరగడం నూకరత్నం. వాళ్ల నాన్న బెల్లం మార్కెట్లో కళాసీ. దిమ్మలు మోసి మోసి ఆయన మెడ ఒక పక్కకు వంగిపోయిందట. ఆ పిల్లకు మాత్రం మెడ నిక్కించి ప్రశ్నలడగడం అలవాటు.

"నూకరత్నం పెట్టుబడి పెట్టి కొట్టు మొదలుపెట్టింది. కొట్లోకి నగదు వచ్చింది. నగదుకు డెబిట్," అంటూ మేడమ్ గుప్పెడు పిక్కలు తీగ పళ్లెంలో పోసేవారు. "పెట్టుబడికి క్రెడిట్," అంటూ మరో గుప్పెడు రెండో పళ్లెంలో. "అంటే కొట్టు నూకరత్నానికి అంత బాకీ."

నూకరత్నం లేచింది. "కొట్టు నాది మేడమ్. డబ్బులు నావి. నాకు నానే బాకీయేటి?"

"నువ్వు వేరు, నీ కొట్టు వేరమ్మా. పద్దుల్లో కొట్టుకు నువ్వెవరో తెలియదు."

"నా కొట్టుకి నానెవులో తెలీదా!" అంది ఆ పిల్ల నిజంగానే నొచ్చుకుని. తరగతంతా గొల్లుమంది. నాకు మాత్రం సూరయ్య గుర్తొచ్చాడు. ఆ కొట్టుకు సూరయ్య ఎవరో తెలియదంటే ఎలా నమ్మను? ఆయన దగ్గితే బియ్యం బస్తా కూడా ఉలిక్కిపడేది.

మరో రోజు నూకరత్నం కొట్లోంచి కాస్త బెల్లం ఇంటికి పట్టుకెళ్లింది. వెంటనే దానికీ పిక్కలు పడ్డాయి. సొంతవాడకాలకు డెబిట్ అట. అప్పుడే నేను బిత్తరపోయింది. సూరయ్య అన్నేళ్లు నమిలిన బెల్లం ముక్కలన్నీ రాస్తే ఎన్ని పళ్లాలు నిండేవో!

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. చింతపిక్కలన్నీ ఒక్కలా ఉండవు. రెండు పక్కలా సమానంగా వేసినా లావుపాటి పిక్కలు పడ్డ వైపు నేను వాలేదాన్ని. నా ధర్మం నేను చేయాలి కదా! పిల్లలు గోల చేసేవారు. అప్పుడు మేడమ్ అనేవారు, "ముల్లు వైపు చూడకండమ్మా. పిక్కలు లెక్కపెట్టుకోండి."

ఒక తక్కెడ ముందర అనాల్సిన మాటేనా ఇది? అయినా నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ గదిలో నేను సంతోషంగా ఉన్నాను. కొట్లో నా చుట్టూ చేరిన ప్రతివాడి మొహంలోనూ నేను మోసం చేస్తానేమోనన్న అనుమానం ఉండేది. ఇక్కడ పిల్లలు నన్ను నమ్మారు. కళ్లు మూసుకుని కూడా తీగ ఏ వైపు ఉందో చెప్పగలిగేవారు. అద్దె కట్టినా, సరుకు అప్పుగా తెచ్చినా, పాత కుర్చీ అమ్మినా టక్కున చేతులు ఆ పక్కకూ ఈ పక్కకూ చూపించేవారు. హైమావతి గారి నొసలు మెల్లగా విప్పారింది.

చెప్పినట్టే దసరా ముందు పరాంకుశరావు గారు వచ్చారు. బొద్దుగా, శుభ్రంగా, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోగలిగిన మనిషి. ప్రశ్నలు తానే రాసుకొచ్చారు. కాగితాలు పంచి, ఖాతాలు తయారుచేసి అంకణా వేయమన్నారు. అంకణా అంటే అన్ని ఖాతాల నిలవలూ రెండు వరుసల్లో రాసి, మొత్తాలు సమానంగా వచ్చాయో లేదో చూసుకునే పట్టిక. పద్దులు మొదటిసారి కాగితం మీద పెడుతున్న పిల్లలు తలలు వంచుకుని రాశారు. మధ్యమధ్యలో తలెత్తి నా వైపు చూసి, తీగ ఎటుందో చూసుకుని, మళ్లీ రాశారు. నాకు ఎంత గర్వమనిపించిందో!

కాగితాలు తిరగేస్తున్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది. ప్రిన్సిపాల్ గారిని పిలిపించారు.

"చూడండమ్మా, అందరికీ మొత్తాలు కుదిరాయి. కానీ అందరి ఖాతాలూ తలకిందులే. డెబిట్ కుడి పక్క, క్రెడిట్ ఎడమ పక్క. ఒకరిద్దరు కాదు, తరగతి తరగతంతా."

హైమావతి గారు కాగితం లాక్కున్నట్టే తీసుకుని చూశారు. "నేనెప్పుడూ ఇలా చెప్పలేదండీ," అన్నారు.

"మీరు చెప్పలేదంటే వాళ్లు ఒకరిని చూసి ఒకరు రాశారన్నమాట. తప్పు చెయ్యడం పిల్లలకు సహజం. అందరూ అచ్చంగా ఒకే తప్పు చెయ్యడం ఎక్కడైనా ఉందా? తప్పులో ఇంత ఐకమత్యమా!" ఆయన సంచీ సర్దుకున్నారు. "సెలవులయ్యాక మళ్లీ వస్తాను. ఈసారి దూరం దూరంగా కూర్చోబెట్టి రాయిస్తాను. అప్పుడూ ఇంతే అయితే గ్రూపు ఎత్తేయమని రాసేస్తాను."

ఆయన వెళ్లాక హైమావతి గారు నా వెనక నిలబడి తరగతి వైపు చూశారు. ఆ చూపు నేను సూరయ్య కొట్లో బేరగాళ్ల కళ్లలో చూసిందే.

"ఎవరు ముందు రాశారు? ఎవరిని చూసి రాశారు? చెప్పండి."

చివరికి నూకరత్నం లేచింది. "ఎవులినీ సూడనేదు మేడమ్. మీరెలాగ సూపించినారో అలాగే రాసినాం."

"నేను ఇలా చూపించానా? ఇలా?" ఆవిడ ఎడమచెయ్యి చాచి తీగ పళ్లాన్ని తట్టారు. నేను గడగడ ఊగిపోయాను. "డెబిట్ ఇటు కాదూ?"

"అవునండి. అటే. అటే రాసినాం," అంది ఆ పిల్ల, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

ఇద్దరూ నన్నే చూపించారు. ఇద్దరూ నా తీగనే చూపించారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మరి ఎందుకు పోట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కొట్లో రూపాయి దగ్గర తగువొస్తే ముల్లును చూసి తేల్చుకునేవారు. ఇక్కడ ముల్లు నిటారుగా ఉంది, తగువు తేలలేదు.

సెలవులు గడిచి పిల్లలు వచ్చారు గానీ, వచ్చినవాళ్లు వెనకటి పిల్లలు కారు. వరహాలు పిక్కల సంచీ తేలేదు. మేడమ్ అడిగితే జవాబు చెప్పడం, లేకపోతే ఊరుకోవడం. చేతులు చాచి చూపించడం మానేశారు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక వాళ్లలో వాళ్లు గుసగుసగా అనుకునేవి నాకు వినబడేవి. గ్రూపు ఎత్తేస్తే నూకరత్నాన్ని ఇంకో గ్రూపులో వెయ్యనివ్వనని, దాని బదులు మార్కెట్లో చిట్టాలు రాయడానికి పెట్టేస్తానని వాళ్ల నాన్న అన్నాడట. హైమావతి గారు బల్ల మీద మోచేతులు ఆనించి నా పళ్లేల మధ్య నుంచి బెంచీలను చూస్తూ కూర్చునేవారు. ఆవిడకు ఉద్యోగం పోతుందన్న బెంగ ఉంది. దానికన్నా, ఈ పిల్లలు తన ముందే అబద్ధమాడుతున్నారా అన్న బాధ ఎక్కువగా ఉంది. పైకి అనలేదు కానీ, అంత దగ్గర నుంచి ఒక మొహాన్ని చూస్తే తెలియకుండా ఎలా ఉంటుంది?

పరాంకుశరావు గారు రావడానికి ఇంకా వారం ఉందనగా ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. పిల్లలందర్నీ వరండాలోకి పంపేశారు. నూకరత్నాన్ని ఒక్కదాన్నే ఉంచారు.

"నువ్వు నా కుర్చీలో కూర్చుని రాయి. ఇక్కడైతే చూసి రాయడానికి పక్కన ఎవరూ ఉండరు. నేను అక్కడ బెంచీ మీద కూర్చుంటాను."

మేడమ్ కుర్చీలో కూర్చోవడానికి ఆ పిల్ల ఎంతకీ ఒప్పుకోలేదు. "నిలబడి రాసీనా మేడమ్?" అని అడిగింది. ఆవిడ కసురుకుంటే అంచు మీద, కుర్చీకి బరువు తెలియనంత భయంగా కూర్చుంది. కాగితం మీద నిలువు గీత గీసింది, అడ్డగీత గీసింది. డెబిట్ అని రాయబోతూ, అలవాటు ప్రకారం తలెత్తి నన్ను చూసింది.

కలం ఆగిపోయింది.

తల పక్కకు వంచి చూసింది. లేచి నిలబడి చూసింది. తర్వాత బెదురుగా అడిగింది, "మేడమ్, తక్కెడ ఎవులైనా తిప్పీసినారా?"

"ఎవరు తిప్పుతారు? పెట్టిన చోటే ఉంది. కబుర్లొద్దు, రాయి."

"కాదు మేడమ్. తీగ ఇటుకొచ్చీసింది. అటు గదా ఉంటాది ఎప్పుడూ!"

హైమావతి గారికి చిరాకు వచ్చింది. "ఎప్పుడూ ఇటే ఉంటుందమ్మా, ఇదిగో ఇటు…" అంటూ బెంచీ మీద నుంచే ఎడమచెయ్యి ఎత్తారు.

ఎత్తిన చెయ్యికి ఎదురుగా ఉన్నది నా తీగ లేని పళ్లెం.

ఆ చెయ్యి అలాగే గాలిలో నిలిచిపోయింది. ఆవిడ నన్ను చూశారు, నూకరత్నాన్ని చూశారు, మళ్లీ నన్ను చూశారు. ఆ బెంచీ మీద ఆవిడ అంతకు ముందు ఎన్నడూ కూర్చోలేదు. బల్ల వెనక ఆ పిల్లా ఎన్నడూ నిలబడలేదు. ఒకరి చోట ఒకరు ఉండి, నా మీదుగా ఒకరినొకరు చూసుకుంటూ, ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.

"మీరందరూ నన్ను ఇక్కడి నుంచి చూశారు," అన్నారు హైమావతి గారు. "నేను అక్కడి నుంచి చూపించాను."

వరండా తలుపు తీసి పిల్లల్ని లోపలికి పిలిచారు. నా వెనక్కి వెళ్లలేదు, బెంచీల మధ్యనే నిలబడ్డారు. "మీరు కాపీ కొట్టలేదు. తప్పు నాది. మిమ్మల్ని అనుమానించాను చూశారూ, అది ఇంకా పెద్ద తప్పు," అన్నారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశారు.

పిల్లలు కంగారుపడిపోయారు. మేడమ్ ఏడిస్తే ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. వరహాలు గొంతు సవరించుకుంది.

"అయితే మేం రాసింది రైటేనా మేడమ్?"

"కాదమ్మా. తప్పే."

"మాకు సున్నా ఏసినారు గదా. మరి మీకెవులేస్తారు?"

ఆవిడ ఏడుపులోంచే నవ్వారు. ఆ తర్వాత గదంతా నవ్వింది. మర్నాడు పిక్కల సంచీ తిరిగి వచ్చింది.

అంతటితో కష్టం గట్టెక్కిందనుకున్నాను. ఎక్కలేదు. తెలిసిన తప్పును దిద్దుకోవడం తెలియని తప్పు చేయడమంత తేలిక కాదు. "ఇన్నాళ్లూ నేర్చుకున్నదాన్ని తిరగేసి రాయండి," అన్నారు మేడమ్. కొందరు తిరగేశారు. కొందరు తిరగేశామో లేదో గుర్తులేక రెండోసారీ తిరగేశారు. ఒక పిల్ల పక్కలను వదిలేసి అంకెలనే తిరగేసింది. వారం రోజుల్లో పరీక్ష ఉంది, తరగతిలో ఎవరి చెయ్యి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ గదిలో స్థిరంగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, నాకు కుడి ఎడమలు రావు.

హైమావతి గారు గోళ్లు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరిగారు. బెంచీల వైపు వచ్చి నిలబడి చెబితే పిల్లలకు నేను కనిపించను, ఆవిడ వీపు కనిపిస్తుంది. ఆఖరికి నా స్టాండును రెండు చేతులతో పట్టుకుని గిర్రున తిప్పేశారు. ఇప్పుడు తీగ పళ్లెం పిల్లలకు ఎడమ పక్క వచ్చింది. "మీరు దేన్నీ తిరగేయకండి. తీగను చూడండి, చూసింది రాయండి. మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు.

ఆ మిగతాది ఏమిటో ఆవిడకు వెంటనే తెలిసొచ్చింది. చదువుకున్ననాటి నుంచి డెబిట్ అనగానే ఎడమకు లేచే చెయ్యి ఆవిడది. ఇప్పుడది కుడికి లేవాలి. "జీతాలు చెల్లించాం, జీతాలకు డెబిట్," అంటూ పిక్కలు తీసుకెళ్లి తీగ లేని పళ్లెంలో పోసేవారు.

"అటు కాదు మేడమ్, ఇటు!" అని తరగతంతా ఒకే గొంతుతో అరిచేది.

ఆవిడ నాలిక కరుచుకుని పిక్కలు ఏరి మళ్లీ వేసేవారు. మళ్లీ తప్పేవారు. పిల్లలు మళ్లీ సరిదిద్దేవారు. మేడమ్ ఎక్కడ తప్పుతారో పట్టుకోవాలని రెప్ప వేయకుండా చూసేవారు. అలా చూసి చూసి, ఆవిడ పిక్కలు తీసేలోపే ఏది ఎటు పడాలో చెప్పడం నేర్చుకున్నారు. ఇన్నాళ్లూ పిల్లల బుర్రల్లో ఉన్న గందరగోళమంతా ఆ వారంలో ఆవిడ తన చేతుల్లోకి తీసేసుకున్నారు. అలా తీసుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

పరాంకుశరావు గారు వచ్చారు. పిల్లల్ని గదిలో కొందర్ని, వరండాలో కొందర్ని, కిటికీ కింద ఒకరిని కూర్చోబెట్టి రాయించారు. హైమావతి గారు జరిగింది చెప్పబోతే, "సాకులు వద్దమ్మా, కాగితాలు మాట్లాడతాయి," అన్నారు. కాగితాలు మాట్లాడాయి. అంతటా డెబిట్ ఎడమ పక్క, క్రెడిట్ కుడి పక్క. అన్ని మొత్తాలూ కుదిరాయి. ఆయనకు నమ్మకం కుదరలేదు.

"ఏదీ, ఒక పాఠం చెప్పండి. నేను చూస్తాను," అని వెనక బెంచీ మీద కూర్చున్నారు.

హైమావతి గారు నా వెనక నిలబడ్డారు. గుప్పెడు పిక్కలు తీసుకున్నారు. "నూకరత్నం కొట్టుకు అప్పు మీద సరుకు వచ్చింది. కొనుగోళ్లకు డెబిట్," అన్నారు. చెయ్యి ఎడమకే వెళ్లింది.

"అటు కాదు మేడమ్, ఇటు!"

ఆ అరుపుకు పరాంకుశరావు గారి ఇస్త్రీ మడత మొదటిసారి నలిగింది. ఆవిడ తడబడి పిక్కలు మార్చారు. కంగారులో ఇంకోసారి తప్పారు. "మేడమ్, తీగ సూడండి!" అంది నూకరత్నం, చిన్నపిల్లకు చెప్పినంత లాలనగా. ఆయన నూకరత్నాన్ని పిలిచి, పెట్టుబడి కొట్టుకు బాకీ ఎందుకవుతుందని అడిగారు. "కొట్టుకి నానెవులో తెలీదండి. నాకు మాత్రం కొట్టు తెలుసు," అంది ఆ పిల్ల. ఆయనకు నవ్వు వచ్చింది.

గుమ్మం దాటబోతూ ఆయన ప్రిన్సిపాల్ గారి వైపు వంగి, మెల్లగానే అంటున్నాననుకుని అందరికీ వినబడేట్టు అన్నారు, "పిల్లలకు విషయం భేషుగ్గా వచ్చు. గ్రూపు ఉంచేద్దాం. టీచరుకే డెబిట్ ఏదో, క్రెడిట్ ఏదో ఇంకా కాస్త తికమకగా ఉన్నట్టుంది. ఆవిడను ఏదైనా శిక్షణకు పంపండి."

ప్రిన్సిపాల్ గారు ఇబ్బందిగా హైమావతి గారి వైపు చూశారు. పిల్లలు బెంచీల్లోంచి లేవబోయారు, నూకరత్నం నోరు కూడా తెరిచింది. హైమావతి గారు చేత్తో వాళ్లను ఆపారు.

"నిజమేనండీ, వెళ్తాను," అన్నారు పరాంకుశరావు గారితో. ఆయన అటు తిరగగానే పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా దండి మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. నవ్వో ఏడుపో నేనైతే చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. తక్కెడగా పుట్టి నేను మోసిన బరువుల్లో ఆ తల అంత తేలికైనది ఇంకొకటి లేదు.

తర్వాత నల్లబల్ల వచ్చింది, పుస్తకాలు వచ్చాయి, వెనకాలే కొత్త మేడమ్‌లూ వచ్చారు. హైమావతి గారికి బదిలీ అయిన రోజున ఆవిడే నన్ను తుడిచి అద్దాల బీరువాలో పెట్టారు. పెట్టి, తలుపు వేయబోయి ఆగారు. బీరువా ముందు నిలబడి చూశారు. వెళ్లి బెంచీ మీద కూర్చుని చూశారు. మళ్లీ వచ్చి నన్ను కాస్త జరిపి, తీగ ఉన్న పళ్లెం బెంచీల ఎడమ పక్కకే వచ్చేట్టు సర్ది, అప్పుడు తాళం వేశారు.

నాకు ఇప్పటికీ ఏది ఎడమో ఏది కుడో తెలియదు. ఎవరైనా వచ్చి బీరువా ముందు నిలబడితే, ఈ మనిషి ఏ వైపు నుంచి వచ్చాడా అని మాత్రం చూస్తుంటాను.